పిన్ని తోడుగా నా తొలి కాన్పు

నెలలు నిండుతున్న రోజుల్లో ప్రసవ గదిలో నా పక్కన ఎవరు ఉండాలన్న ప్రశ్న మా ఇంట్లో చాలాకాలం నలిగింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆనవాయితీ ప్రకారం సీమంతం కాగానే అమ్మ నన్ను విజయనగరం నుంచి విశాఖపట్నంలోని కంచరపాలేనికి తీసుకొచ్చింది కాబట్టి, ఆవిడే ఉంటుందని అందరం అనుకున్నాం. అయితే అమ్మకు రక్తపోటు ఉంది, పైగా నేను నొప్పులు పడుతుంటే చూసి తట్టుకోలేనని తనే చెప్పింది. అప్పుడు పిన్ని, ‘‘నేను ఉంటానే, నువ్వేం బెంగ పెట్టుకోకు’’ అంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో గర్భిణి పక్కన ఒక ఆడమనిషిని తోడుగా ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చిన సంగతి మాకు నెలవారీ పరీక్షల్లో ఏఎన్ఎం గారి ద్వారా తెలిసింది. తోడుగా వచ్చే మనిషి తాను కూడా ప్రసవ వేదన ఎరిగినదై ఉండాలి, అంటువ్యాధులేవీ ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, కాన్పు ముగిసేదాకా కదలకుండా ఉండాలి, వైద్యుల పనికి అడ్డుపడకూడదు. ఇద్దరు పిల్లల్ని కన్న పిన్నికి ఇవన్నీ సరిపోయాయి.

ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాలన్నది నేనూ మా ఆయనా కలిసి తీసుకున్న నిర్ణయం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42కు పైగా కాన్పులు సిజేరియన్లే. అవసరమైనప్పుడు ఆ శస్త్రచికిత్స తల్లినీ బిడ్డనూ కాపాడుతుందనడంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ బిడ్డ తల కిందికి తిరిగి ఉంది, రక్తపోటు, చక్కెర మామూలుగా ఉన్నాయి, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవడంతో హిమోగ్లోబిన్ కూడా 11 దాటింది. ఇన్ని అనుకూలంగా ఉన్నప్పుడు సహజ ప్రసవానికి అవకాశం ఇచ్చే చోటికే వెళ్లాలనిపించింది.

తొమ్మిదో నెలలో దొంగ నొప్పులు రెండు మూడుసార్లు వచ్చాయి. పొట్ట గట్టిపడేది, కాసేపు ఎడమవైపు తిరిగి పడుకుంటేనో, నాలుగు గుక్కల నీళ్లు తాగితేనో, అటూ ఇటూ నడిస్తేనో సర్దుకునేది. అసలు నొప్పులకు ఆ గుణం ఉండదని, ఏం చేసినా తగ్గకపోగా ఒకదానికొకటి దగ్గరవుతూ, బలపడుతూ, నడుములో మొదలై ముందుకు పాకుతాయని పిన్ని ముందే చెప్పి ఉంచింది. ఒక రోజు మధ్యాహ్నం రక్తపు చారలతో జిగట కనిపించింది. గర్భసంచి ముఖద్వారాన్ని మూసి ఉంచే ఆ జిగట పడినంత మాత్రాన కాన్పు అప్పుడే అవుతుందని కాదు. దీపాలు పెట్టే వేళకు మాత్రం నడుము చుట్టూ తాడు వేసి బిగించినట్టు మొదటి నొప్పి వచ్చింది.

అమ్మ అప్పుడే సంచీలు సర్దేసింది. పిన్ని మాత్రం గోడ మీది క్యాలెండరు నుంచి గడిచిన నెల కాగితం చింపి, దాని వెనక ప్రతి నొప్పి మొదలైన సమయాన్నీ, ఉన్న సేపునూ రాయడం మొదలుపెట్టింది. మొదట్లో ఇరవై నిమిషాలకో, పావుగంటకో ఒకటి వచ్చేది. ఆ మధ్య వ్యవధిలో నేను చారు అన్నం తిన్నాను, స్నానం చేశాను, కాసేపు కునుకు కూడా తీశాను. తొలి కాన్పులో ఈ మొదటి భాగమే అన్నిటికంటే ఎక్కువసేపు సాగుతుంది. ఉమ్మనీరు పోవడం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి ఏవీ లేనంతవరకు దీన్ని ఇంటి దగ్గరే గడపవచ్చునని డాక్టరమ్మ చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పై సగంలో అక్షరాలు గుండ్రంగా, వరసగా ఉంటాయి, కింది సగంలో పిన్ని ఒక చేత్తో నా నడుము రుద్దుతూ రాసినందువల్ల వంకర పోయి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అర్ధరాత్రి దాటాక నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు ఉంటూ, గంటసేపు అదే తీరున నడిచాయి. అప్పుడు 108కి ఫోన్ చేశాం. మన రాష్ట్రంలో 108 వచ్చింది 2005లో; పిన్ని రెండో కాన్పు అంతకు ముందే కావడంతో ఆవిడ నొప్పులతోనే ఆటోలో వెళ్లాల్సి వచ్చిందట. నేను ఎడమవైపు తిరిగి పడుకుని వెళ్లాను. అయినా కంచరపాలెం మెట్టు నుంచి జ్ఞానాపురం మీదుగా వెళ్లే దారిలో నొప్పి మధ్యలో స్పీడ్ బ్రేకర్ వస్తే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఆసుపత్రిలో తల్లీబిడ్డ సంరక్షణ కార్డు, స్కాన్ రిపోర్టులు చూసి, రక్తపోటు, నాడి పరీక్షించి, పొట్ట మీద యంత్రం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. ఆ చప్పుడు నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. మా పాపది 140 దరిదాపుల్లో ఉంది. లోపలి పరీక్షలో ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుందని తేలింది. పది దాకా తెరుచుకోవాలని నాకు తెలుసు. రాత్రంతా ఇంత బాధపడితే నాలుగేనా అని కన్నీళ్లు వచ్చేశాయి. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చుని, ఇది ఇంకా నెమ్మదిగా సాగే దశేనని, తల్లీబిడ్డా బాగున్నప్పుడు తొందరపెట్టాల్సిన పని లేదని, 5 దాటాక అసలు వేగం మొదలవుతుందని ఓపికగా చెప్పారు. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లో ఉంది. 5 సెంటీమీటర్ల తర్వాత కూడా తొలి కాన్పులో పన్నెండు గంటల దాకా పట్టడం సహజమేనట. ఇది ముందే తెలిసి ఉంటే ఆ నాలుగు అన్న మాట విని నేను అంత కుంగిపోయేదాన్ని కాదు. అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాస్తున్నాను.

తెల్లవారేదాకా పిన్ని నన్ను పడుకోనివ్వలేదనే చెప్పాలి. వరండాలో నడిపించింది, నొప్పి వచ్చినప్పుడు గోడకు చేతులు ఆనించి వంగి నిలబడమంది, తన అరచేతి మొదలుతో నా నడుము కింది ఎముక మీద గట్టిగా నొక్కి పట్టింది. ఆ నొక్కుడు వల్ల కలిగిన ఉపశమనం ఇంకే విధంగానూ రాలేదు. నొప్పి వదలగానే కొబ్బరినీళ్లు రెండు గుక్కలు తాగించేది, మూత్రానికి వెళ్లమని గుర్తు చేసేది. మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డు పడుతుందని నర్సమ్మ చెప్పిన మాటను ఆవిడ ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

పక్క మంచం మీద ఉన్న అమ్మాయికి తోడు ఎవరూ లేరు. భర్త బయట ఉన్నాడు, అత్తగారు ఇంకా ఊరి నుంచి బయలుదేరలేదట. ఆ అమ్మాయి కేకలు పెడితే ఒక ఆయా విసుక్కుని, నోరు మూసుకోమని గద్దించింది. నొప్పులు పడుతున్న మనిషిని కసరడం ఎంత అన్యాయమో ఆ గదిలో ఉన్నప్పుడే పూర్తిగా తెలిసింది. భయపడిన మనిషి శరీరం బిగుసుకుపోతుంది, బిగుసుకుంటే నొప్పి మరింత పెరుగుతుంది; కాబట్టి మర్యాదగా మాట్లాడడం కూడా వైద్యంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. పిన్ని నాకు నొప్పి లేని వేళల్లో ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి చేయి పట్టుకునేది. పిన్ని అక్కడ ఉన్నంతసేపూ ఆయా మళ్లీ మాట తూలలేదు.

ఎండ ఎక్కుతుండగా ఉమ్మనీరు పోయింది. నర్సమ్మ ముందు దాని రంగు చూసింది. నీళ్లలా తేటగా ఉంటే మంచిదే, ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసినట్టు, అప్పుడు గుండె చప్పుడును మరింత జాగ్రత్తగా గమనించాలి. నాది తేటగానే ఉంది. ఆ తర్వాతి గంట మాత్రం నాకు చాలా కష్టంగా గడిచింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు కూడా లేదు, ఒళ్లంతా వణికింది, వాంతి అయింది, ఇక నా వల్ల కాదు, ఆపరేషన్ చేసేయమని బతిమాలాను. పిన్ని నా మొహం తుడిచి, ‘‘ఇలా అనిపించిందంటే అయిపోవచ్చిందనే అర్థం, నేనూ ఇలాగే అన్నాను’’ అంది. పరీక్ష చేసి చూస్తే నిజంగానే పూర్తిగా తెరుచుకుంది.

ముక్కే దశ గురించి నాకున్న భయమంతా అది మొదలయ్యాక తగ్గింది. అప్పటిదాకా భరించడమే తప్ప చేయగలిగింది లేదు. ఇప్పుడు చేయడానికి ఒక పని దొరికింది. నొప్పి వచ్చినప్పుడే ముక్కాలి, లేనప్పుడు ఒళ్లు వదిలేసి విశ్రాంతి తీసుకోవాలి, గడ్డాన్ని గుండెకు ఆనించి బలమంతా కిందికి పంపాలి. తొలిసారి కాబట్టి చాలాసేపే పట్టింది. తల బయటికి వస్తుండగా డాక్టరమ్మ ముక్కడం ఆపమని, నోటితో చిన్నచిన్నగా ఊపిరి వదలమని చెప్పారు. తల నెమ్మదిగా వస్తే చర్మం సాగడానికి వీలుంటుంది, చిరుగు తక్కువగా ఉంటుంది. నాకు చిన్న చిరుగే పడింది, మత్తు సూది ఇచ్చి కుట్లు వేశారు.

పాపను తుడిచి, తడి తడిగానే నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టారు. ఏడ్చింది, ఆగింది, కళ్లు తెరిచి చూసింది. బొడ్డుతాడును వెంటనే కోయకుండా అందులో కొట్టుకోవడం ఆగేదాకా వేచి ఉన్నారు. ఆ రెండు మూడు నిమిషాల్లో మాయ నుంచి బిడ్డకు చేరే రక్తం తర్వాతి నెలల్లో రక్తహీనత రాకుండా కాపాడుతుంది. ఈలోగా నా తొడకు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాన్పు తర్వాతి రక్తస్రావం తల్లుల ప్రాణాలు తీసే ప్రధాన కారణం కావడంతో ఈ ఇంజెక్షన్ అందరికీ ఇస్తారట. మాయ పడ్డాక నర్సమ్మ దాన్ని పళ్లెంలో పరిచి, వేళ్లతో అంచులన్నీ సర్ది, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమోనని రెండు వైపులా తిప్పి తిప్పి చూసింది. బిడ్డ పుట్టగానే పని అయిపోయిందనుకునే మనకు ఆ తర్వాతి రెండు గంటలు ఎంత కీలకమో తెలియదు. అంతసేపూ మాటిమాటికీ వచ్చి, గర్భసంచి గట్టిపడిందో లేదో పొట్ట నొక్కి చూశారు, రక్తం ఎంత పోతోందో గమనించారు.

గంటలోపే పాప ముర్రుపాలు తాగింది. బయట నాయనమ్మ తేనె నాకించాలని సీసాతో సిద్ధంగా ఉంది. తేనె, పంచదార నీళ్లు ఏవీ వద్దని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదని నర్సమ్మ చెప్పినా ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. పిన్నే ఆవిడకు నచ్చజెప్పి, ‘‘అమ్మా, ముందు నువ్వు ఎత్తుకో, నీ ఆశీర్వాదం చాలు’’ అని పాపను ఒళ్లో పెట్టింది. పాప బరువు 2.9 కిలోలు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా, విటమిన్-కె ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఇచ్చారు. జనన నమోదు 21 రోజుల్లోపు జరగాలి కాబట్టి ఆ వివరాలు కూడా మా ఆయన అక్కడే రాసి ఇచ్చారు.

రెండు రోజులు గమనించాక తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనంలో ఇంటికి పంపారు. ఆ మర్నాడే ఆశా కార్యకర్త వచ్చి పాపను తూచింది. బరువు కొంచెం తగ్గిందని అమ్మ కంగారు పడితే, పుట్టిన మొదటి రోజుల్లో అలా తగ్గడం మామూలేనని, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుతుందని ఆమె చెప్పింది. ఏడో రోజున మళ్లీ వస్తానని కార్డులో రాసి, నాకు జ్వరం గానీ, దుర్వాసనతో కూడిన స్రావం గానీ, ఎక్కువ రక్తం గానీ కనిపిస్తే ఆ తేదీ దాకా ఆగవద్దని పిన్నికి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది.