సినిమా పెళ్లి, సీరియల్ పెళ్లి

సినిమావాళ్లు ఎక్కువగా ఉండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎవర్ని కదిలించినా ముందు తాము చేసిన సినిమా పేరే చెప్తారు. సీరియల్ సంగతి రెండో టీ దగ్గర బయటపడుతుంది. నేను రెండింటికీ కాస్ట్యూమ్ కంటిన్యుటీ చూస్తాను, అంటే ఒక షాట్‌లో ఉన్న బట్టలు, నగలు తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా చూడటం. ఇంటద్దె కట్టేది మాత్రం సీరియలే.

ఇప్పుడు కెమెరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చాలాసార్లు లైట్‌మెన్ కూడా వాళ్లే, టిఫిన్ పెట్టే ప్రొడక్షన్ కుర్రాళ్లూ వాళ్లే. తేడా అంతా టైమ్ దగ్గరే. పెళ్లి సీనే తీసుకోండి.

సినిమాలో మూడు నిమిషాల పెళ్లికి వారం రోజులు పట్టొచ్చు. ముందు సీనంతా ఒకేసారి కనపడే మాస్టర్ షాట్, తర్వాత దగ్గరగా తీసే క్లోజులు. యాంగిల్ మారినప్పుడల్లా లైటింగ్ మారుస్తారు, గంట పోతుంది. ఈలోపు నా పని తలంబ్రాలు. మాస్టర్‌లో పెళ్లికూతురి ఎడమ భుజం మీద నాలుగు గింజలుంటే మర్నాడు తీసే క్లోజ్‌లోనూ అవి అక్కడే ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూసుకుంటూ ఒక్కో గింజా పెడతాను. పెట్టడం అయ్యిందో లేదో, "అక్కా, తుమ్మొస్తోంది" అంటుంది హీరోయిన్!

సీరియల్లో లెక్క తిరగబడుతుంది. పెళ్లి రెండ్రోజుల్లో తీసేస్తారు, టీవీలో రోజుల తరబడి నడుస్తుంది. రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి. అత్తగారు, ఆడపడుచు, పురోహితుడు, అందరి రియాక్షన్లూ ఒకే టేక్‌లో దొరకాలి. ఎటునుంచి తీసినా మొహాలు కనపడాలని అన్నివైపులా లైట్లు కొడతారు. సీరియల్ ఇళ్లలో అర్ధరాత్రి కూడా పట్టపగల్లా ఉండేది అందుకే. డైలాగులు బట్టీ పట్టే తీరిక ఉండదు. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి గట్టిగా చదువుతుంటే ఆర్టిస్టులు అందుకుంటారు. గొంతు ఎలాగూ తర్వాత డబ్బింగే. కన్నడ నుంచి వచ్చిన అమ్మాయిలకు అదే శ్రీరామరక్ష.

దూరదర్శన్ 13 వారాల సీరియళ్లకు ముగింపు ముందే తెలిసేది. 1995లో ఈటీవీ లాంటి ఛానెళ్లు వచ్చి, డైలీ సీరియళ్లు పెరిగాక అది రేటింగుల చేతికెళ్లింది. సినిమావాళ్లకు రిలీజయ్యే శుక్రవారం ఒక్కటే గండం, మాకు రేటింగులు వచ్చే ప్రతి గురువారం గండమే. అంకెల్ని బట్టి తాళి కట్టే టైమ్‌కి పోలీసులు రావొచ్చు, పాత ప్రియురాలు రావొచ్చు. మిగతా ముక్క ఎప్పుడు తీస్తారో తెలీదు కాబట్టి పెళ్లిచీర లాండ్రీకి వెయ్యం, అద్దె నగలు తిరిగివ్వం, జడలో గుడ్డపూలే పెడతాం.

ఇంత చేసినా, సినిమాలో నేను పేర్చిన గింజలు ఎడిటింగ్‌లో ఎగిరిపోవచ్చు. సీరియల్లో తీసింది పారేసేది తక్కువ. ఎపిసోడ్‌కి 22 నిమిషాలు నిండాలి కదా! అవసరమైతే అత్తగారి కళ్లు మూడుసార్లు చూపిస్తారు.

కంటిన్యుటీ నేర్చుకుంటామని వచ్చే పిల్లల్ని నేను ముందు సీరియల్లోనే చేరమంటాను. సినిమాలో అనుమానం వస్తే మానిటర్ దగ్గర వెనక్కి తిప్పి చూసుకునే వీలుంటుంది. ఇక్కడ తల తిప్పేలోపు తర్వాతి సీన్‌కి చీర మార్చేయాలి.