సూర్యాపేట దగ్గర ఒక ఉబ్బు నేర్పిన సంగతి

గత మే నెలలో హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్తూ సూర్యాపేట దగ్గర టీ కోసం ఆగినప్పుడు, వెనుక ఎడమ టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. కారు తక్కువ తిరిగింది, గాట్లు లోతుగానే ఉన్నాయి కాబట్టి టైర్లు కొత్తవేనని ఇన్నాళ్లూ నమ్మాను. పంక్చర్ షాపు పెద్దాయన టైరు మీది నాలుగంకెల సంఖ్య చూపించి, "2317 అంటే 2017లో 23వ వారంలో తయారైంది సార్, రబ్బరుకు వయసుంటుంది" అన్నారు. నేను ఆ అంకెలను ఏనాడూ చదవలేదు.

లోపలి దారాలు తెగితే పక్కగోడ అలా ఉబ్బుతుందని, దానికి ప్యాచ్ వేయకూడదని, గోతిలో గట్టిగా పడినా అలా జరుగుతుందని ఆయన వివరించారు. స్టెప్నీ బిగించబోతే అందులో గాలి సగమే ఉంది; అది మరో సిగ్గు.

గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగుతూ వేడెక్కుతుంది, రెండు అంచులూ త్వరగా అరుగుతాయి. ఎక్కువైతే మధ్యభాగం అరుగుతుంది. అందుకే ఇప్పుడు నెలకొకసారి, దూరప్రయాణానికి ముందు తప్పక, బండి చల్లగా ఉన్న ఉదయంవేళ డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్న అంకె ప్రకారం స్టెప్నీతో సహా గాలి చూస్తున్నాను. ఎండలో నడిచి వేడెక్కిన టైరులో ఒత్తిడి సహజంగానే పెరుగుతుంది కనుక, అప్పుడు గాలి తీయించడం పొరపాటు. గాట్ల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరినట్టు, టైరు మార్చాల్సిందే. వానాకాలం ముందు నేను అంతవరకూ ఆగను.