కోస్‌బాడ్ టీచర్లు మన ఎల్‌కేజీలు చూస్తే ఏమంటారో
ఇప్పుడు ఏ సందులో చూసినా మాంటిస్సోరి అని బోర్డు ఉంటుంది కదా, లోపలికెళ్తే గోడల మీద ఇగ్లూ, మంచు బొమ్మ, మూడేళ్ల పిల్లాడి చేతిలో పెన్సిల్, "చేతులు కట్టుకుని కూర్చో నాన్నా" అని మిస్ గారి కేక. అసలా పద్ధతి పెట్టిన ఇటలీ డాక్టరు మారియా మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు అడయారు వచ్చి యుద్ధం పుణ్యమా అని ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయారు, పిల్లలు చేత్తో పని చేస్తూ నేర్చుకోవాలన్నదే ఆవిడ మొత్తుకున్నది.

ఆవిడ రాకముందే ఆ పద్ధతిని మన నేలకి దించినవాళ్లు గుజరాత్‌లో ఉన్నారు. భావనగర్‌లో గిజూభాయ్ బధేకా బాలమందిరం పెట్టింది 1920లో. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డి అనే ఊళ్లో పల్లె పిల్లలకి బాలవాడీ మొదలుపెట్టారు, అనుతాయి వాఘ్ అక్కడే ఆవిడతో చేరారు, నేను కోస్‌బాడ్ టీచర్లంటున్నది వీళ్లనే. బడైతే పెట్టారు గానీ ఆదివాసీ పిల్లలు రాలేదు. మన దగ్గరైతే "తల్లిదండ్రులకి అవేర్‌నెస్ లేదు" అని రిపోర్టు రాసేసి చేతులు దులుపుకుంటారు! వీళ్లు బడినే గుడిసెల ముందుకి పట్టుకెళ్లారు, ఆ వాకిట్లో బడికే అంగన్‌వాడీ అని పేరు. ముందు స్నానాలు, తల దువ్వడాలు, ఆ తర్వాతే పాటా ఆటా. ఖరీదైన సామాను బదులు గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్లు.

1957లో బోర్డి దగ్గర్లోని కోస్‌బాడ్ కొండకి మారాక వీళ్లు చేసింది నాకింకా నచ్చింది. పెద్ద పిల్ల బడికి ఎందుకు రాదు? చంకలో తమ్ముడుంటాడు కాబట్టి. అందుకని చంటిపిల్లల్ని చూసుకునే చోటు, బాలవాడీ, ప్రైమరీ బడి అన్నీ ఒక్కచోటే పెట్టి వికాసవాడీ అన్నారు, పశువులు కాసే పిల్లలకైతే మేత మేసే చోటే బడి. మనం కల్చర్ అనగానే సంక్రాంతికి పట్టులంగా వేసి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం, వీళ్లు ఆ ఇంట్లో పొద్దున్నే లేచి ఎవరే పని చేస్తారో చూసి దాన్నిబట్టి బడి వేళలు పెట్టుకున్నారు.

1975 అక్టోబర్ 2న చిన్నపిల్లల తిండి, ఆరోగ్యం, చదువు చూసే కేంద్ర పథకం ఐసీడీఎస్ 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు అంగన్‌వాడీ అన్న పేరు దేశమంతా పాకింది. పేరైతే వచ్చింది. మా వైపు దాన్ని గుడ్లిచ్చే సెంటర్ అంటారు. గుడ్డూ పాలూ చిన్న విషయమని నేననను, తిండి లేకుండా చదువేంటి. కానీ టీచరమ్మ పొద్దంతా తూకాలు, రిజిస్టర్లు, ఫోన్లో పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్ ఎంట్రీలు, మధ్యలో ఎవరో ఒకరి సర్వే, ఇక ఆట ఎప్పుడు ఆడించాలి? అందుకే మూడేళ్లు నిండగానే పిల్లల్ని కాన్వెంట్ బస్సెక్కిస్తున్నారు, ఇంగ్లీషొస్తేనే ఉద్యోగం అని కళ్లారా చూసినవాళ్లని తప్పెలా పడతాం.

ఏజెన్సీలో ఇంకో చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కువి లాంటి ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి నుంచి వాచకాలు చేయించారు, మంచి పని. కానీ పిల్లకి మాటలు ఊరేది అంతకన్నా ముందు కదా, అంగన్‌వాడీలో టీచర్‌కి సవర రాకపోతే ఆ పిల్ల ఏడాదంతా నోరెత్తకుండా గుడ్డు తిని ఇంటికెళ్తుంది. అక్కడ తెలుగు కూడా పరాయి భాషే, ఇది మనవాళ్లకి చెప్తే ఎందుకో కోపం వస్తుంది.

సామాను లేదంటారు గానీ చింతపిక్కలు ఊరంతా ఉన్నాయి, వామనగుంటలు ఆడిస్తే లెక్కపెట్టడం, పంచడం, మిగిలింది చూసుకోవడం అన్నీ అందులోనే వస్తాయి, నేర్పడానికి ఊళ్లో ముసలమ్మలున్నారు. నన్నడిగితే ముందు ఆ యాప్ ఎంట్రీలు ఇంకో మనిషికి అప్పజెప్పి, పొద్దున రెండు గంటలైనా టీచర్ని పిల్లలతో వదిలెయ్యాలి. ఆవిడ జీతం సంగతి మళ్లీ ఎప్పుడైనా రాస్తా, అదో పెద్ద గొడవ.