వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయా? నా మెనింజైటిస్ అనుభవం

వెన్నులోంచి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ భయంతో సంతకం పెట్టకుండా పేషెంటును ఇంటికి తీసుకెళ్ళిపోయినవాళ్ళ గురించి కూడా విన్నాను. నాకు ఆ పరీక్ష చేశారు, నా జబ్బు మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, అని తేలింది దానివల్లే. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట నాకు వచ్చింది అక్కి. కుడివైపు పక్కటెముకల మీద పట్టీగా ఎర్రటి పొక్కులు, ఒకటే మంట. మా ఇళ్ళలో అక్కి వస్తే కుమ్మరి చేత రాయించుకోవడం తాతల నాటి అలవాటు. పాతపట్నం దగ్గర మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఒక పెద్దాయన ఎర్రమన్ను కలిపి పొక్కుల మీద సింహం బొమ్మ గీశారు. పొక్కులైతే ఎండుముఖం పట్టాయి, మంట పోలేదు. అంతలో తలనొప్పి మొదలైంది.

తలనొప్పులు నాకు కొత్త కాదు గానీ ఇది వేరు. కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా భరించలేకపోయాను. జ్వరం, వాంతులు. గడ్డం ఛాతీకి ఆనిద్దామంటే మెడ వంగదు. మా గజపతి జిల్లాలో జ్వరం, తలనొప్పి అంటే ముందు మలేరియా చూస్తారు. కొండ ప్రాంతం, మెదడుకెక్కే మలేరియా ఉన్నచోటు, కాబట్టి అది సబబే. నాకు మలేరియా లేదు, టైఫాయిడూ కాదన్నారు. డ్యూటీ డాక్టరుగారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి తల కింద చెయ్యి పెట్టి మెడ ఎత్తారు. నా మోకాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. అది చూసి, "ఇక్కడ ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. మావారు అంబులెన్సు మాట్లాడి శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం తీసుకెళ్ళారు. కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నానంతే, దారి నాకు గుర్తులేదు.

అక్కడ ముందు తలకు సీటీ స్కాన్ తీశారు. మెదడులో ఒత్తిడి బాగా పెరిగి ఉంటే వెన్నులో సూది పెట్టడం ప్రమాదమట. స్కాన్ బాగానే ఉందని ఫారం తెచ్చారు. అత్తయ్య మావారి చెయ్యి పట్టుకుని, "వద్దు నాయనా, మా వీధిలో ఒకాయనకి అలా తీశాకే నడుం పడిపోయింది" అన్నారు. అక్కడున్న పీజీ డాక్టరమ్మ కసురుకోలేదు. అత్తయ్యను కూర్చోబెట్టి, తన నడుం మీదే వేలు పెట్టి చూపించింది.

"పెద్దమ్మా, వెన్నుపాము ఇదిగో, ఇక్కడే, నడుం పైభాగంలోనే అయిపోతుంది. మేం సూది పెట్టేది ఇంకా కిందన. అక్కడ ఉండేది నీరు, అందులో నరాల పోగులు. సూది వెళ్తే అవి పక్కకి జరుగుతాయి. జబ్బు ముదిరి వచ్చినవాళ్ళకీ ఇదే పరీక్ష చేస్తాం. తర్వాత ఆ జబ్బు వల్ల కాళ్ళు పోతే అందరూ సూదినే తిడతారు."

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "మరి నొప్పి పుట్టదా?" అన్నారు చివరికి. మత్తు ఇస్తామన్నాక మావారిని సంతకం పెట్టమన్నది అత్తయ్యే.

నన్ను ఎడమవైపు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి, గడ్డం ఛాతీలోకి ముడుచుకోమన్నారు. బిగుసుకుపోయిన మెడతో అన్నిటికన్నా కష్టం అదే. జాకెట్టు పైకి జరపగానే డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఎండిన చెక్కుల మధ్య ఎర్రమన్ను ఇంకా ఉంది, సింహం తోక చెరగలేదు. "అక్కి ఎప్పుడొచ్చిందమ్మా?" అంది. ఆవిడది విజయనగరం వైపు, చూడగానే గుర్తుపట్టింది. చెప్పాను. నా బరువెంతో అడిగి, అక్కి వైరస్‌కి ఇచ్చే ఎసైక్లోవిర్ మందు తెప్పించమని నర్సుతో అప్పుడే చెప్పింది.

మత్తు సూది చురుక్కుమంది. తర్వాత నొక్కుతున్నట్టు తెలిసిందే గానీ నొప్పి లేదు, కాలిలోకి ఒక్కసారి జివ్వుమందంతే. చిన్న సీసాల్లోకి చుక్క చుక్కగా పడిన నీరు కొబ్బరినీళ్ళంత తేటగా ఉందని మావారు తర్వాత చెప్పారు. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లో అది మబ్బుగా ఉంటుందట. అయినా కల్చర్ రిపోర్టు (ఆ నీటిలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) వచ్చేదాకా యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు.

ఆ నీటిలో కణాలు ఎక్కువగా ఉన్నాయి, చాలావరకు లింఫోసైట్లనే ఒక రకం తెల్ల రక్తకణాలే. మన దేశంలో అలా వస్తే టీబీ ఏమోనని చూడక తప్పదు. టీబీ అయితే నీటిలో చక్కెర పడిపోతుంది. మామూలుగా అది రక్తంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులు ఉంటుంది కాబట్టి, అదే సమయంలో రక్తంలో షుగర్ కూడా చూశారు. నాకు సరిగ్గానే ఉంది. టీబీ పరీక్షా విడిగా పంపారు, లేదని వచ్చింది. చివరికి వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో వేరిసెల్లా జోస్టర్ వైరస్ అని తేలింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది ఆ వైరస్ వల్లే. ఆటలమ్మ తగ్గాక అది వెన్నెముక పక్కన నరాల ముడుల్లో దాక్కుని, ఏళ్ళ తర్వాత అక్కిగా లేస్తుంది. కొద్దిమందిలో మెదడు పొరల దాకా వెళ్తుంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేకుండా కూడా వెళ్ళొచ్చట.

రిపోర్టులో హెర్పిస్ అనే మాట చూసి మా మరిది ముఖం మారిపోయింది. ఆ పేరు వినగానే జనానికి సుఖరోగమే గుర్తొస్తుంది. డాక్టరమ్మ అందరి ముందూ విడమరచి చెప్పింది. పెదవి మీద జ్వరం పొక్కులు తెచ్చే టైప్ 1, కింద పుండ్లు తెచ్చే టైప్ 2, ఆటలమ్మ వైరస్, అన్నీ ఒకే కుటుంబం. టైప్ 2 మెనింజైటిస్ కొందరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. టైప్ 1 ఎక్కువగా మెదడునే పట్టుకుంటుంది. మనిషి తికమకగా మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి. వైద్యం ఆలస్యమైతే ప్రాణం పోతుంది. "ఏ హెర్పిస్ అయినా జబ్బు జబ్బే. సిగ్గుపడి దాచుకుంటే మేం ఎక్కడని వెతకాలి?" అంది. ఆ మాటకి ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఎసైక్లోవిర్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున, 8 గంటలకోసారి, సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించేవారు. గబగబా ఎక్కిస్తే మందు కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. అందుకే నీళ్ళు బాగా తాగమన్నారు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేస్తూ ఉన్నారు. అత్తయ్య గ్లాసు పట్టుకుని నా పక్కనే ఉండేవారు, మూత్రం ఎంత వచ్చిందో కాగితం మీద రాసేవారు. ఈ మందు తయారీ వెనక ఉన్న గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చిందని తర్వాత చదివాను. ఆవిడ పేరు మా ఇంట్లో అందరికీ చెప్పాను.

పరీక్ష తర్వాత కొన్నాళ్ళు లేచి కూర్చుంటే తల నొప్పి, పడుకుంటే తగ్గేది. సూది పడినచోట వెన్నులో నీరు కాస్త కారడం వల్ల అలా అవుతుందట, దానంతటదే పోయింది. కాళ్ళకి ఏమీ కాలేదు. రివ్యూకి గుణుపూర్ ప్యాసింజర్‌లోనే వెళ్ళొచ్చాను.

పక్కటెముకల దగ్గర మంట ఇంకా ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. అక్కి కనబడిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మేలని రివ్యూలో చెప్పారు. 50 దాటినవాళ్ళకి అక్కి రాకుండా టీకా ఉందట, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఖరీదెక్కువే. జీడిపిక్కల డబ్బు చేతికి రాగానే ముందు అత్తయ్యకు వేయిద్దామని అనుకున్నాం.