క్లస్టర్ బరువు, అందులోని నక్షత్రాల బరువు: నా ప్రిపరేషన్‌లో ఎక్కువ రోజులు తీసుకున్న అంశం

భౌతికశాస్త్ర పరిశోధన ప్రవేశ పరీక్ష జెస్ట్‌కూ, పుణేలోని ఖగోళశాస్త్ర పరిశోధన సంస్థ ఐయూకా ప్రవేశ పరీక్షకూ చదువుతున్న మిత్రులకు, గెలాక్సీ క్లస్టర్ (గురుత్వాకర్షణతో కలిసి ఉన్న గెలాక్సీల పెద్ద గుంపు) మొత్తం ద్రవ్యరాశి పెరిగేకొద్దీ అందులోని నక్షత్రాల ద్రవ్యరాశి ఎలా మారుతుందన్న ఒక్క విషయం గురించే రాస్తున్నాను. పెద్ద క్లస్టర్లలో కంటికి కనిపించని కృష్ణ పదార్థం సుమారు 85 శాతం, మిగిలినదాంట్లో అధికభాగం వేడి వాయువు, నక్షత్రాలు రెండు మూడు శాతమేనని నేను కంఠస్థం చేశాను. మాక్ ఇంటర్వ్యూలో "చిన్న గ్రూపుల్లోనూ (కొద్ది గెలాక్సీలే ఉన్న గుంపుల్లోనూ) ఇంతేనా?" అని అడిగేసరికి నోరు పెగల్లేదు.

ఆ రాత్రి లాగ్ గ్రాఫ్ కాగితం (ఒక్కో పెద్ద గడికి విలువ పది రెట్లయ్యేది) మీద అడ్డంగా మొత్తం ద్రవ్యరాశినీ, నిలువుగా నక్షత్రాల ద్రవ్యరాశినీ తీసుకుని, వాలు 0.7 ఉండేలా పెన్సిల్‌తో గీత గీశాను. కచ్చితమైన విలువ పరిశీలనను బట్టి మారుతుంది గానీ, అది ఒకటికన్నా తక్కువన్నదే అసలు సంగతి. మొత్తం బరువు పది రెట్లయితే నక్షత్రాల బరువు అయిదు రెట్లే అవుతుంది, అంటే వాటి వాటా సగానికి పడిపోతుంది. వాటా వాలు 0.7 కాదు, మైనస్ 0.3, నేను చాలాసార్లు తడబడింది ఇక్కడే. నక్షత్రాల వాటా తగ్గుతుంటే, ఎక్స్-కిరణాల్లో కనిపించే వాయువు వాటా పెరుగుతుంది; రెండూ కలిపితే పెద్ద క్లస్టర్లలో విశ్వసగటైన 16 శాతానికి దగ్గరగా వస్తుంది.

నక్షత్రాల వాటా ఇలా తగ్గడానికి కారణం అడిగితే తొందరపడకండి. వాయువు చల్లబడితేనే నక్షత్రాలు పుడతాయి. వాయువు కోట్ల డిగ్రీలకు వేడెక్కి సులభంగా చల్లబడకపోవడం, కేంద్ర గెలాక్సీలోని కృష్ణబిలం దాన్ని ఇంకా వేడిగా ఉంచడం నిజమే. అయితే పెద్ద క్లస్టర్లు చిన్న గ్రూపులు కలిసి ఏర్పడినవే అయినప్పుడు ఆ గ్రూపుల నక్షత్రాల వాటా వీటిలోనూ నిలవాలి కదా? ఈ ప్రశ్నతో నేను వారం రోజులు గడిపాను, ఆ వారం వృథా కాలేదు. గ్రూపులే కాక, నక్షత్రాలు తక్కువగా ఉన్న చిన్న హాలోలూ (కృష్ణ పదార్థపు ముద్దలూ), చెల్లాచెదురు వాయువూ కూడా వచ్చి చేరతాయన్నది జవాబులో ఒక భాగం. గెలాక్సీల నుంచి ఊడిపడి మధ్యలో మసకగా వెలిగే నక్షత్రాలను లెక్కలో వదిలేస్తే వాలే మారిపోతుందన్నది మరో భాగం.

లెక్క కోసం గురుత్వ స్థిరాంకం జీ (G) విలువను 4.3×10⁻⁹ అని, మెగాపార్సెక్, కిలోమీటరు/సెకను, సూర్య ద్రవ్యరాశి ప్రమాణాల్లో గుర్తుంచుకోండి. 1933లో జ్వికీ కృష్ణ పదార్థాన్ని ఊహించిన కోమా క్లస్టర్‌కు గెలాక్సీల వేగాల వ్యాప్తి (σ) 1000 కిలోమీటర్లు/సెకను, వ్యాసార్ధం (R) 2 మెగాపార్సెక్‌లు తీసుకుని, 3σ²R/G వేస్తే 1.4×10¹⁵ సూర్యుల బరువు వస్తుంది. వ్యాప్తి 400, వ్యాసార్ధం 0.7 ఉన్న గ్రూపుకు 8×10¹³ వస్తుంది. పద్దెనిమిది రెట్ల బరువుకు 0.7 వాలుతో నక్షత్రాలు ఏడున్నర రెట్లే పెరిగాయని మీ చేత్తోనే వేసి చూడండి.