కరణం గారి తోపు

కార్తీక మాసం వస్తోందంటే మా ఇంట్లో మొదటి పని వనభోజనాల కోసం కరణం గారికి కబురు పెట్టడం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కాలువ వంతెన దాటితే ఆయన మామిడి తోపు, దాని మధ్యలో ఒకే ఒక్క ఉసిరి చెట్టు. ఆ చెట్టు మొదట్లో పసుపునీళ్లు చల్లి, ముగ్గేసి, దీపం పెట్టాకే పొయ్యిలు రాజేసేవారు. మా అమ్మ చేతులకి నూనె రాసుకుని అక్కడే పనసకాయ పొట్టు కొట్టేది. ఆవ పెట్టిన ఆ కూర రుచి నాకు ఇప్పటికీ మామిడాకుల పొగ వాసనతోనే గుర్తొస్తుంది.

2014లో తోపు చేతులు మారింది. వారం రోజుల్లో చెట్లన్నీ లారీలెక్కేశాయి. ఇప్పుడక్కడ రొయ్యల చెరువు. రాత్రంతా నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు. ఉప్పు ఊరి, పక్క గట్టు మీది కొబ్బరి చెట్లు కూడా తలలు వాల్చేశాయి.

కిందటేడు జూలైలో షికాగోలో అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు "రేపు వనభోజనాలు" అంది. జూలైలో వనభోజనాలేమిటే అన్నాను. "కార్తీకంలో ఇక్కడ చేతులు కొంకర్లు పోతాయండి అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. బస్సీ వుడ్స్ అనే అడవికి తీసుకెళ్లారు. లోపల బల్లలు, బొగ్గులు వేసుకునే ఇనప పొయ్యిలు, ఒక్కో చోటా గ్రోవ్ అని రాసి పక్కన అంకె. గ్రోవ్ అంటే ఏమిటని అడిగాను. తోపు అన్నాడు. ఆ మాట వినగానే గుండె ఝల్లుమంది. ఓక్ చెట్టు మొదట్లో ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ఉసిరికాయలు నాలుగు పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. మంచు కరిగి కాయల చుట్టూ మట్టి తడిసింది.

ఆ తోపుల సంగతేమిటో తెలుసుకోవాలనిపించి, ఉన్నన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను. 19వ శతాబ్దంలో ఆ ఊళ్లో తోపులు సొంతదారులవే. జర్మనీ నుంచి వచ్చినవాళ్లు ఆదివారం పిల్లాపాపలతో బ్యాండు మేళం పెట్టుకుని వెళ్లేవారు. ఓగ్డెన్స్ గ్రోవ్ అనే తోపులో 1880లలో కార్మిక సంఘాల పిక్నిక్‌లు జరిగేవి. ఊరు పెరిగి అది ఇళ్లలో కలిసిపోయింది. జర్మన్లు తుపాకీ గురి నేర్చుకునే ఇంకో తోట 1904లో రివర్‌వ్యూ అనే వినోదాల పార్కయింది. 1967లో అదీ మూతపడింది. అంటే అక్కడి తోపులకీ మా తోపుకి పట్టిన గతే పట్టింది.

తేడా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. డ్వైట్ పెర్కిన్స్ అనే ఇళ్ల శిల్పి, జెన్స్ జెన్సెన్ అనే తోటల శిల్పి ఊరి చుట్టూ ఉన్న అడవిని కొని అందరి కోసం ఉంచాలని 1904లోనే నివేదికలో చెప్పారు. 1914లో షికాగో ఉన్న కుక్ కౌంటీ జనం ఓటేసి సరేనన్నారు. 1916లో డీర్ గ్రోవ్ దగ్గర మొదటి భూమి కొన్నారు. ఇవాళ అలా కొన్న అడవంతా, బస్సీ వుడ్స్‌తో కలిపి, దాదాపు 70,000 ఎకరాలు. చెట్లు నిలబడి ఉండగానే కొనడం నన్ను కదిలించింది. నరికేశాక మొక్కలు నాటడం వేరు.

మా తోపులో ఊరంతా కూర్చుందని చెప్తే అబద్ధం. పేటవాళ్లు ఆ తోపులోకి కాయలు కోయడానికే వచ్చేవారు, విస్తరి వేసుకోవడానికి కాదు. ఆ వయసులో నాకది తట్టలేదు. బస్సీ వుడ్స్‌లో మా పక్క తోపులో ఒక మెక్సికన్ కుటుంబం ఉంది. వాళ్లమ్మ నా పులిహోర తిని, ఆకులో చుట్టిన మొక్కజొన్న పిండి వంటకం పెట్టింది. ఆమెని ఎవరూ లోపలికి ఎందుకొచ్చావని అడగలేదు, నన్నూ అడగలేదు.

తిరిగొచ్చాక పంచాయతీలో అడిగాను. శివాలయం చెరువు గట్టు మీద అరెకరం పంచాయతీదేనని, రికార్డులో ఉందని చూపించారు. తుమ్మ కొట్టించి, ఉసిరి, మామిడి, పనస కలిపి 20 మొక్కలు పెట్టాం. నీళ్లు పోసే వంతు వీధికో రోజు, పేటకీ ఉంది. ఉసిరి ఇంకా నడుమెత్తే. దాని కింద దీపం పెట్టి, పక్కనే రావి చెట్టు నీడలో విస్తళ్లు వేస్తున్నాం, వచ్చే ఆదివారం. పనసకాయలు రెండు నేను తెస్తున్నాను.