ఓ అండ్ ఎం పేపర్: చెక్‌లిస్టులు పక్కన పెట్టి ఫెయిల్యూర్ దగ్గర మొదలుపెట్టండి

ఫలితాలు వచ్చినప్పటి నుంచి ‘ఓ అండ్ ఎం పేపర్‌కి (ఆపరేషన్స్ అండ్ మెయింటెనెన్స్, అంటే భవనాల్లోని పరికరాల నిర్వహణ) ఏం చదవాలి, నోట్స్ ఉంటే పంపండి’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను గట్టెక్కిన సంతోషం ఇంకా తగ్గలేదు కాబట్టి ఆ ఊపులోనే అందరికీ కలిపి రాసేస్తున్నాను. నోట్స్ మాత్రం ఇవ్వను, ఎందుకో చివర్లో చెబుతాను. సిలబస్, పేపర్ తీరు మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

ఈ పేపర్‌లో మార్కులు పోయేది విషయం తెలియక కాదు, ‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్ (పీఎం, చెడకముందే చేసే సర్వీసింగ్) ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్న నమ్మకం వల్ల. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా ఆ నమ్మకం ఉన్నవాళ్ల కోసమే ఉంటుంది. ‘ఓవర్‌హాల్ వ్యవధి తగ్గించాలి’, ‘సర్వీసింగ్ నెలకు రెండుసార్లు చేయాలి’ లాంటివి చదవగానే బాధ్యతగల జవాబులా కనిపిస్తాయి. చాలాసార్లు అవే తప్పు.

ఎందుకు తప్పో తెలియాలంటే 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ ఇచ్చిన రిపోర్టు దగ్గరికి వెళ్లాలి. విమాన భాగాలు ఎలా చెడిపోతున్నాయో చూసి ఆరు రకాల ఫెయిల్యూర్ కర్వ్‌లు గీశారు. వయసు పెరిగేకొద్దీ చెడిపోయే అవకాశం పెరిగే మూడు రకాలూ కలిపి 11 శాతమే. మిగతా 89 శాతానికి వయసుతో సంబంధం లేదు. అందులోనూ 68 శాతం కొత్తగా బిగించినప్పుడే ఎక్కువగా చెడిపోయి, ఆ తర్వాత నిలకడగా నడిచేవి. ఇవి విమానాల అంకెలు, భవనాలకు యథాతథంగా అతికించకండి. దాని వెనకున్న తర్కం మాత్రం మన పేపర్‌కి ప్రాణం. బాగా నడుస్తున్న పంపును క్యాలెండర్ చూసి విప్పామంటే, దాన్ని మళ్లీ ‘కొత్తగా బిగించిన’ దశలోకి తోసినట్టే. కప్లింగ్ అలైన్‌మెంట్ తప్పుతుంది, సీల్ సరిగా కూర్చోదు, గ్రీజు ఎక్కువైపోతుంది. బేరింగ్‌కి గ్రీజు తక్కువైనా వేడెక్కుతుంది, ఎక్కువైనా వేడెక్కుతుంది.

అలాగని టైమ్ ప్రకారం మార్చడమే వద్దని కాదు. వయసుతో నిజంగా అరిగేవి ఉన్నాయి: ఫ్యాన్ బెల్టులు, గాస్కెట్లు, నీటి కోతకు గురయ్యే ఇంపెల్లర్లు, యూపీఎస్‌లోని సీల్డ్ బ్యాటరీలు. బ్యాటరీ ఆయుష్షు గది వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగమవుతుంది. కాబట్టి బ్యాటరీలు తొందరగా పోతున్నాయని ప్రశ్నలో ఉంటే కంపెనీ మార్చే ఆప్షన్ కంటే ముందు గది ఏసీ సంగతి చూడండి.

ఇక పీ–ఎఫ్ ఇంటర్వెల్. పేపర్ మొత్తంలో ఒక్కటే కాన్సెప్ట్ చదవడానికి టైమ్ ఉందంటే ఇదే చదవండి. లోపం మొదటిసారి పసిగట్టగలిగే క్షణం పీ, పరికరం పని చేయడం మానేసే క్షణం ఎఫ్. ఈ రెంటి మధ్య దూరమే మన చేతిలో ఉన్న టైమ్. బేరింగ్‌నే తీసుకోండి: ముందు అల్ట్రాసౌండ్‌కి దొరుకుతుంది, తర్వాత వైబ్రేషన్‌లో కనిపిస్తుంది, ఆ తర్వాత వేడెక్కుతుంది, చెవికి వినబడేసరికి ఆఖరి దశకు వచ్చేసినట్టే. అంటే ఒకే లోపానికి, పట్టుకునే పద్ధతిని బట్టి పీ–ఎఫ్ మారుతుంది.

ఇన్‌స్పెక్షన్ వ్యవధి పీ–ఎఫ్‌లో సగానికి మించకూడదన్నది అందరూ బట్టీ పడతారు. ప్రశ్న అక్కడితో ఆగదు. పీ–ఎఫ్ 8 వారాలు, మనం 4 వారాలకోసారి చూస్తున్నాం అనుకోండి. చూసి వెళ్లిన మర్నాడే లోపం మొదలైతే, మళ్లీ చూసేసరికి 4 వారాలు కరిగిపోతాయి. మిగిలేది 4 వారాలు. ఆ బేరింగ్ ఆర్డర్ పెట్టాక రావడానికి 6 వారాలు పడితే? సగం నియమం పాటించాం, అయినా బ్రేక్‌డౌన్ తప్పలేదు. 2 వారాలకోసారి చూస్తే సరిగ్గా 6 మిగులుతాయి, బిగించడానికి టైమ్ ఉండదు. వారానికోసారి చూస్తే 7 మిగులుతాయి. లేదా బేరింగ్ ముందే కొని స్టోర్‌లో పెట్టుకుని, 4 వారాలకోసారే చూడవచ్చు. ఏది చవక అన్నదే అసలు ప్రశ్న. స్పేర్ల జాబితా, ఇన్‌స్పెక్షన్ షెడ్యూలు వేర్వేరు చాప్టర్లలో ఉంటాయి కాబట్టి విడివిడిగా చదివేస్తాం. ఆ రెండూ ఒకే లెక్కలో రెండు వైపులు.

ఇంకో ఉచ్చు: ‘ఈ మోటార్ అయిదేళ్లకోసారి మాత్రమే చెడిపోతుంది, కాబట్టి ఏడాదికోసారి చూస్తే చాలు.’ చాలదు. ఎంత తరచుగా చెడిపోతుందన్నదానికీ, చెడిపోవడం మొదలయ్యాక ఎంత టైమ్ ఇస్తుందన్నదానికీ సంబంధం లేదు. అయిదేళ్లకోసారి చెడేదైనా 8 వారాలే టైమ్ ఇస్తే ఏడాదికోసారి చూసి ప్రయోజనం లేదు.

అసలు పసిగట్టే అవకాశమే లేనివి కొన్ని ఉంటాయి. ఫైర్ పంపు, స్టాండ్‌బై జనరేటర్, సేఫ్టీ వాల్వ్, స్మోక్ డిటెక్టర్. ఇవి చెడిపోయినా ఎవరికీ తెలియదు, అవసరం పడిన రోజే బయటపడుతుంది. వీటికి చేసేది ప్రివెంటివ్ కాదు, ప్రెడిక్టివ్ కాదు, ఫెయిల్యూర్ ఫైండింగ్. లెక్క తేలికే: పిలిచినప్పుడు పలకని అవకాశం సుమారుగా టెస్టు వ్యవధిలో సగాన్ని ఎంటీబీఎఫ్‌తో (ఒక ఫెయిల్యూర్‌కీ మరో ఫెయిల్యూర్‌కీ మధ్య సగటు కాలం) భాగిస్తే వస్తుంది. ఎంటీబీఎఫ్ 10 ఏళ్లు, ఏడాదికోసారి టెస్టు అయితే 0.5 ÷ 10, అంటే 5 శాతం. నెలకోసారి చేస్తే 0.4 శాతానికి కాస్త పైన. పరికరం అదే, తేడా అంతా టెస్టుదే.

అయితే ఏ టెస్టు ఏం నిరూపిస్తుందో చూడాలి. అమెరికా అగ్నిభద్రతా సంస్థ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రకారం డీజిల్ జనరేటర్‌ని నెలకోసారి కనీసం 30 నిమిషాలు, నేమ్‌ప్లేట్ రేటింగ్‌లో 30 శాతానికి తగ్గని లోడ్ మీద నడపాలి. లోడ్ లేకుండా ఊరికే తిప్పితే మండని ఇంధనం, మసి ఎగ్జాస్ట్‌లో పేరుకుంటాయి. అదే వెట్ స్టాకింగ్. పైగా లోడ్‌ని జనరేటర్ మీదకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పని చేస్తుందో లేదో తెలియనే తెలియదు. ‘ప్రతి వారం స్టార్ట్ చేస్తున్నాం, అయినా కరెంటు పోయినప్పుడు లోడ్ తీసుకోలేదు’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అసలు స్టార్టే కాకపోతే ముందు స్టార్టింగ్ బ్యాటరీనీ దాని చార్జర్‌నీ అనుమానించండి, ఆ తర్వాతే ఇంజిన్‌ని.

ఫైర్ పంపుదీ ఇదే కథ. నీరు పారనివ్వకుండా చేసే చర్న్ టెస్టు డీజిల్ పంపుకి కనీసం 30 నిమిషాలు, ఎలక్ట్రిక్ పంపుకి 10 నిమిషాలు. అది పంపు స్టార్టవుతుందనీ, ఒత్తిడి వస్తోందనీ మాత్రమే చెబుతుంది. సరిపడా నీరిస్తుందో లేదో చెప్పేది ఏడాదికోసారి చేసే ఫ్లో టెస్టు. రేటెడ్ ఒత్తిడి 10 బార్ అయితే, 150 శాతం ఫ్లో దగ్గర కనీసం 6.5 బార్ ఇచ్చేలా, చర్న్‌లో 14 బార్ దాటకుండా పంపు కర్వ్ ఉండాలి. సక్షన్ వాల్వ్ సగం మూసి ఉన్నా చర్న్ టెస్టు పాసైపోవచ్చు, అది గుర్తుంచుకోండి.

అవైలబిలిటీ (పరికరం పని చేసే స్థితిలో ఉండే కాలం శాతం) లెక్కలు వదలకండి, ఉచితంగా వచ్చే మార్కులు. ఎంటీబీఎఫ్ 990 గంటలు, ఎంటీటీఆర్ (రిపేరుకు పట్టే సగటు టైమ్) 10 గంటలు అయితే 990 ÷ 1000, అంటే 99 శాతం. ఎంటీటీఆర్‌ని 5కి తగ్గిస్తే 99.5 శాతం. అదే ఫలితం ఎంటీబీఎఫ్ వైపు నుంచి రావాలంటే దాన్ని 1980 గంటలకు రెట్టింపు చేయాలి. పరికరాన్ని రెండింతలు గట్టిగా చేయడం కంటే సరైన స్పేరు, సరైన డ్రాయింగు, అందుబాటులో టెక్నీషియన్ ఉండేలా చూడటం చాలా తేలిక. 99 శాతం పంపులు రెండు, రెండూ నడవాల్సిన సిరీస్‌లో ఉంటే 98.01, ఒకటి చాలినప్పుడు ప్యారలల్‌లో ఉంటే 99.99. రెంటికీ కరెంటు ప్యానెల్ ఒకటే అయితే ఆ 99.99 కాగితం మీదే.

హెచ్‌వీఏసీలో (ఏసీ, వెంటిలేషన్ వ్యవస్థల్లో) అందరూ తడబడేది ‘అప్రోచ్’ దగ్గర. కూలింగ్ టవర్‌లో అప్రోచ్ అంటే బయటికొచ్చే చల్లటి నీటికీ గాలి వెట్ బల్బ్‌కీ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రతకీ) తేడా. చిల్లర్ (ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం) కండెన్సర్‌లో అయితే రిఫ్రిజెరెంట్ కండెన్స్ అయ్యే ఉష్ణోగ్రతకీ కండెన్సర్ నుంచి బయటికొచ్చే నీటికీ తేడా. కండెన్సర్ అప్రోచ్ వారం వారం పెరుగుతోందంటే ట్యూబుల్లో పొర కడుతోందని ముందు అనుమానించాలి. టవర్ అప్రోచ్ పెరిగితే ఫిల్ (నీరు పరుచుకుని జారే పలకలు), నాజిల్స్, ఫ్యాన్ చూడాలి. ప్రశ్నలో ఏ అప్రోచో చూడకుండా జవాబు టిక్ పెట్టకండి. పైన చెప్పిన పీ అంటే ఇదే: చిల్లర్ లాగ్ షీట్‌లో రోజూ రాసే అంకెలే ముందస్తు హెచ్చరిక, రాసి ఎవరూ చూడకపోతే తప్ప.

డెల్టా టీ (చల్లటి నీరు వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ ఉండే ఉష్ణోగ్రతల తేడా) కూడా అంతే. సెకనుకు 50 లీటర్ల నీరు, 5 డిగ్రీల తేడా అంటే 50 × 4.19 × 5, దాదాపు 1047 కిలోవాట్లు. 3.517తో భాగిస్తే 298 టన్నుల కూలింగ్. తేడా 3 డిగ్రీలకు పడిపోతే అదే నీటితో 179 టన్నులే. లోడ్ పెరగకుండానే రెండో చిల్లర్, రెండో పంపు ఆన్ అవుతాయి. కారణం చిల్లర్‌లో వెతకొద్దు. మురికి పట్టిన కాయిల్స్, మూసుకోని కంట్రోల్ వాల్వులు, త్రీ వే వాల్వుల దగ్గర వెతకండి.

టవర్ నీటి లెక్క: బ్లోడౌన్ = ఇవాపరేషన్ ÷ (సైకిల్స్ − 1). బ్లోడౌన్ అంటే చిక్కబడ్డాక బయటికి వదిలేసే నీరు, సైకిల్స్ అంటే నీటిలో లవణాలు ఎన్ని రెట్లు చిక్కబడ్డాయన్నది. గంటకు 1 ఘనపు మీటరు ఆవిరైతే, తుంపరగా పోయే డ్రిఫ్ట్‌ని లెక్కలో వదిలేస్తే, 2 సైకిల్స్ దగ్గర కొత్తగా కలపాల్సిన మేకప్ నీరు 2, 4 దగ్గర 1.33, 8 దగ్గర 1.14. మొదటి రెట్టింపుకు బాగా మిగిలింది, రెండోదానికి పెద్దగా మిగల్లేదు, పొర కట్టే ప్రమాదం మాత్రం పెరిగింది. న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, వేడినీటి స్టోరేజీ 60 డిగ్రీలకు తగ్గకూడదు. ఇంతకంటే లోతు అక్కర్లేదు.

ఫ్యాన్ సూత్రాల్లో (పవర్ స్పీడు ఘనం ప్రకారం మారుతుంది) 80 శాతం స్పీడుకు 51 శాతం పవర్ అని అందరికీ వచ్చు. స్టాటిక్ హెడ్ (నీటిని ఎక్కించాల్సిన ఎత్తు) ఎక్కువగా ఉన్న పంపింగ్‌లో ఆ ఘనం సూత్రం పని చేయదని తక్కువ మందికి వచ్చు. ఫిల్టర్ మూసుకుపోతే మోటార్ ఆంప్స్ పెరుగుతాయన్న ఆప్షనూ అలాంటిదే. స్థిరమైన స్పీడున్న సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ అయితే గాలి తగ్గి సాధారణంగా ఆంప్స్ కూడా తగ్గుతాయి. వీఎఫ్‌డీతో (మోటార్ స్పీడు మార్చే డ్రైవ్) గాలి మోతాదు నిలబెట్టే సిస్టమ్‌లోనే పవర్ పెరుగుతుంది. ఫిల్టర్ మార్చాల్సింది తేదీ చూసి కాదు, ప్రెషర్ డ్రాప్ చూసి.

ఎఫ్‌సీఐలో (భవనం ఎంత బాగుందో చెప్పే ఫెసిలిటీ కండిషన్ ఇండెక్స్) పైన వేసేది డిఫర్డ్ మెయింటెనెన్స్ ఖర్చు, అంటే చేయకుండా వాయిదా వేసిన పనుల ఖర్చు, కింద వేసేది నేటి రీప్లేస్‌మెంట్ విలువ, బుక్ వాల్యూ కాదు. 5 శాతం లోపు బాగున్నట్టు, 10 దాటితే పాడైనట్టు అన్నది వాడుకలో ఉన్న కొలత. ఒకే 8 శాతం ఉన్న రెండు భవనాల్లో ఒకదానికి పెయింట్ బాకీ, ఇంకోదానికి ఫైర్ అలారం బాకీ ఉండొచ్చు. ఇండెక్స్ ఆ తేడా చూపదు. రీప్లేస్‌మెంట్ విలువలో ఏటా 2 నుంచి 4 శాతం మెయింటెనెన్స్‌కి కేటాయించాలన్న 1990 నాటి సిఫార్సు కూడా అడుగుతారు. అది ఏటి ఖర్చుకే, పేరుకుపోయిన బాకీ తీర్చడానికి కాదు.

సీఎంఎంఎస్ (మెయింటెనెన్స్ పనుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్) మీద గంటలు తగలేయకండి. బ్యాక్‌లాగ్‌ని (పెండింగ్ పనిని) వర్క్ ఆర్డర్ల సంఖ్యలో కాక వారాల్లో చెప్పడం వస్తే చాలు: 480 గంటల పని, నలుగురు టెక్నీషియన్లు, వారానికి తలా 40 గంటలు, అందులో 75 శాతమే చేతికొస్తే 120, అంటే 4 వారాల బ్యాక్‌లాగ్.

ఇన్ని లెక్కలు చెప్పి నోట్స్ ఇవ్వనంటాడేంటి అనుకుంటున్నారేమో. పీఎం చెక్‌లిస్టులు పేజీలకు పేజీలు బట్టీ కొట్టినవాళ్లని చూసే అంటున్నాను. చెక్‌లిస్టు ఏం చేయాలో చెబుతుంది, ఎందుకో చెప్పదు. పేపర్ అడిగేది ఎందుకనే. రోజుకో పరికరం తీసుకుని మూడే రాయండి: ఎలా చెడుతుంది, ముందు ఎలా తెలుస్తుంది, ఎంత టైమ్ ఇస్తుంది. సోమవారం మానేసి మంగళవారం రెండు చేస్తానంటే కుదరదు, బుధవారానికి మూడవుతాయి. క్రమం లేనివాడికి ఎంత మంచి మెటీరియల్ ఇచ్చినా దండగే. కటువుగా ఉందనిపిస్తే ఉండనివ్వండి.

ఇక మిగిలింది లాకౌట్ ట్యాగౌట్, అంటే పని చేసేటప్పుడు పరికరం ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేసే పద్ధతి. వరుస కలిపేసి అడుగుతారు కాబట్టి క్రమం గట్టిగా పట్టుకోండి: సంబంధితులకు చెప్పడం, ఆపడం, అన్ని ఎనర్జీ సోర్సులనూ ఐసొలేట్ చేయడం, తాళం వేసి ట్యాగ్ కట్టడం, నిల్వ ఉన్న ఎనర్జీని వదిలించడం, జీరో ఉందని సరిచూడటం. ఎక్కువమంది వదిలేసేది అయిదోది. వీఎఫ్‌డీలోని కెపాసిటర్లలో స్విచ్ తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది, తయారీదారు చెప్పినంతసేపు ఆగాలి. ఆరోదానిలో, టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత మనం పని చేసే చోట చూసి, మళ్లీ కరెంటున్న చోట చూడాలి. ఆ చివరిసారి చూడటం లేని ఆప్షన్ ఎంత పొడుగ్గా, ఎంత అందంగా రాసి ఉన్నా కొట్టేయండి.